అక్కకు పంపిన సంచులు

ఏప్రిల్ 4

ఎముక మజ్జ ఇచ్చినవాళ్లు కొన్నాళ్లపాటు తమ ఒంటి సంగతి రాసిపెట్టాలని డాక్టర్ నుస్రత్ చెప్పారు. ఏం తిన్నాం, నిద్ర పట్టిందా, నడుము ఎట్లా ఉంది, మనసు ఎట్లా ఉంది. మనసు సంగతి ఎందుకు మేడం అంటే, "అది కూడా ఒంట్లనే ఉంటది కదా ఓదెలన్నా" అన్నారు. అందుకని మొదలుపెట్టాను.

నేను ఐదో బొగ్గు బావిలో గాలి పంకాలు చూసుకుంటాను. మొన్న అక్క కోసం రెండోసారి నా తుంటి ఎముకలోంచి మజ్జ తీశారు కాబట్టి వంగే పనులు వద్దన్నారు. ఇవాళ నిలబడి చేసేవే చేశాను. తూర్పు గ్యాలరీ సొరంగంలో గోనె పరదాలు ఎండిపోయి చెక్కల్లా బిగుసుకుని ఉంటే పైపు పెట్టి తడిపాను. పైన ఎండ ముదిరింది. ఈ నెల నుంచే పగటిపూట ఎవరినీ పైకి వదలడం లేదు. పరదాలు తడిగా లేకపోతే కిందికి లాగే గాలి సెగలా కొడుతుంది, పుట్టగొడుగుల మళ్లు వాడిపోతాయి, చంటిపిల్లలు ఏడుస్తారు. మా తాతలు బొగ్గు తవ్విన చోట మేం కాపురాలు చేస్తున్నాం. గాలి ఆగితే ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

జొన్నరొట్టె, చింతపండు పచ్చిపులుసు తిన్నాను. నడుములో సన్నటి నొప్పి. నిద్ర పట్టింది.

ఏప్రిల్ 11

సొరంగం బండి ఎక్కి రెండో బావికి పోయి అక్కను చూసి వచ్చాను. నిన్ననే ఆమెకు మళ్లీ మందు ఎక్కించారు. రెండోసారి తీసిన నా మజ్జ నుంచి తయారైన మొదటి మందు ఇదే.

మా అక్క పేరు లసుమక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. రెండో బావి వంటశాలలో పెద్ద డేగిసాల దగ్గర ఇరవై ఏళ్లు నిలబడింది. నెత్తురు బొట్టులో జబ్బు జాడ పట్టే యంత్రం, జల్లెడ అంటాం, వాళ్ల బావికి వచ్చింది పోయిన ఏడాదే. అది ముందే వచ్చి ఉంటే అక్క జబ్బు అప్పుడే తెలిసేది. తెలిసేసరికి క్లోమంలో గడ్డ పెద్ద నెత్తురు నాళాన్ని చుట్టుకుంది. కోసి తీయడానికి వీలు లేదన్నారు.

నేను మొదటిసారి మజ్జ ఇచ్చినప్పుడు డాక్టరమ్మ నాకు అర్థమయ్యేలా చెప్పారు.

"మన ఒంట్ల ప్రతి కణం సంచులు వదులుతుంటది. కంటికి ఆనేంత పెద్దవి కాదు. ఆ సంచులల్ల చీటీలుంటయి, మైక్రో ఆర్ఎన్ఏలు అంటం. ఒక కణం పంపిన చీటీని ఇంకో కణం చదువుకుని దాంట్ల ఉన్నట్టు చేస్తది. క్యాన్సర్ కణం కూడ పంపుతది, దాని పని అయ్యేటట్టు. మేం నీ మజ్జ కణాలను తొట్లల్ల పెంచి, అవి వదిలే సంచులు పట్టి, వాటిల్ల మా చీటీ పెట్టి అక్కకు ఎక్కిస్తం. గడ్డ దాన్ని మింగుతది. పెరుగుడు ఆపుతది."

బయటి దాతల సంచులు ముందే పెట్టి చూశారు. అక్క ఒంటికి పడలేదు, చలిజ్వరం వచ్చింది. నావి పడ్డాయి. కళ్లలో పచ్చదనం తగ్గింది. ఇవాళ నేను పోయేసరికి మంచం మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది.

"పండుకోరాదు అక్కా."

"పండుకుంటే కూర ఎవడు వండుతడురా. ఆ పిల్లలు ఉప్పెయ్య మరుస్తున్నరు." తలెత్తి నన్ను చూసింది. "నువ్వేంది, బక్కగైనవ్."

"ఎండకు."

"బాయిల ఎండ ఎక్కడిదిరా."

నవ్వాను. తిరిగి వచ్చేటప్పుడు ప్యాంటు బెల్టు ఇంకో కన్నం లోపలికి పెట్టుకున్నాను. ఎప్పుడు వదులైందో గమనించలేదు.

ఏప్రిల్ 12

ఇవాళ మా బావిలో బొట్టు రోజు. నెలకోసారి అందరం వేలు చూపించి ఒక్క నెత్తురు బొట్టు ఇస్తాం. జల్లెడ అందులోని సంచులు పట్టి, చీటీలు చదివి, ఏ అవయవం ఏం కబురు పంపుతోందో చెబుతుంది. కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి తెర చూసి "పోవచ్చు" అంటుంది. అంతే. వరసలో ఉన్నవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు, ఎవరూ ఆ మాట వినను కూడా వినరు.

నాకు ఆ మాట చెప్పలేదు. తెర చూసింది, మళ్లీ చూసింది. "కొంచెం కూసో అన్నా" అంది.

ఇంకో వేలి నుంచి ఇంకో బొట్టు తీసుకుంది. వెనక వరసలో కబుర్లు ఆగిపోయాయి. నాతో కలిసి పంకాల దగ్గర పనిచేసేవాళ్లు కూడా నేలకేసి చూస్తున్నారు. ఈసారి ఆమె తెర చూడగానే లేచి లోపలికి వెళ్లింది. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను.

ఏప్రిల్ 13

డాక్టర్ నుస్రత్ తలుపు వేసి, నా పక్కన కూర్చున్నారు. ఎప్పుడూ బల్లకు అవతల కూర్చుంటారు.

"నీ క్లోమం నుంచి వచ్చే సంచులల్ల కొన్ని చీటీలు పెరిగినయి. ఉండాల్సినదానికంటే చాన ఎక్కువ."

"అక్కకున్నట్టేనా?"

"ఆ దారిల ఉన్నట్టున్నది. ఇంకా రూఢి కాలె. క్లోమం వాచినా ఇట్ల పెరగొచ్చు."

స్కాన్ తీశారు. ఏమీ కనబడలేదు. నా గుండె కొంచెం కుదుటపడింది. ఆమె ముఖం మాత్రం అట్లాగే ఉంది.

"కనపడలేదు కద మేడం."

"సంచులు ముందు చెప్తయి ఓదెలన్నా. స్కాన్ ఎనకొచ్చి చెప్తది."

లేవబోతూ ఉంటే నాకు ఆ ఆలోచన వచ్చింది. మళ్లీ కూర్చున్నాను.

"మరి అక్కకు ఎక్కించినయి?"

ఆమె స్కాన్ కాగితం మడిచి పక్కన పెట్టారు.

"అవి మజ్జ కణాలు వదిలినయి కద. మజ్జ వేరు, క్లోమం వేరు" అన్నాను నేనే.

"వేరే. కాని చెడ్డ సంచులు నెత్తుట్ల పడి అంతట తిరుగుతయి. మజ్జల గూడ దూరతయి. అక్కడి కణాలకు చీటీలిచ్చి తమ దారికి మలుపుకుంటయి. ముందు చేరేది కార్జంలకు, అదే కాలేయంలకు. గడ్డ రాకముందే పోయి అక్కడ నేల దున్ని పెడతయి." ఆగి, "మొదటిసారి తీసిన మజ్జ వేరేగ ఉన్నది. మొన్న తీసింది పరీక్షకు పెట్టిన. అందాక అక్కకు మందు ఆపుతున్న" అన్నారు.

పదో తారీఖున అక్కకు ఎక్కించింది మొన్న తీసిన మజ్జ నుంచి తయారైందే.

ఏప్రిల్ 15

పనికి పోతున్నాను. పంకాల చప్పుడులో నిలబడితే కొంచెం నయం. కూర్చుంటే భయం పెరుగుతోంది. నేను ఊరికే కూర్చున్నా అవి నా లోపలి నుంచి బయలుదేరుతూనే ఉంటాయి కదా. అన్నం తింటున్నా, పరదాలు తడుపుతున్నా, నా భార్య సుగుణతో మాట్లాడుతున్నా. ఇప్పుడు ఈ మాట రాస్తున్నప్పుడు కూడా ఒకటి కార్జంలోకి దిగి ఉంటుంది. దాన్ని ఆపడానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

మూత్రం రంగు చూసుకుంటున్నాను. కళ్లు అద్దంలో చూసుకుంటున్నాను. వీపు మధ్యలో నొప్పి ఉంది. మజ్జ తీసిన చోటు కిందికి కదా, ఇది పైకి ఎందుకు వచ్చింది. ఒకోసారి ఉంటుంది. తడిమి చూద్దామంటే ఉండదు.

సుగుణ ఇవాళ పట్టుకుంది. నా కంచంలో మిగిలిన రొట్టె ముక్క ఆమె తీసుకోబోతే చేయి అడ్డం పెట్టాను.

"ఏందిది?"

"ఎంగిలి."

"ఇన్నేండ్లల్ల లేని ఎంగిలి ఇయ్యాల పుట్టిందా. అద్దం దగ్గర ఏం జూసుకుంటున్నవ్, రెండు దినాలసంది చూస్తున్న. చెప్పరాదు."

చెప్పాను. ఆమె ఏడవలేదు. ఆ రొట్టె ముక్క తీసుకుని, నా కళ్లలోకి చూస్తూ నమిలి మింగింది. తరవాత గిన్నెలు కడిగేటప్పుడు మాత్రం ఒక గిన్నెనే చాలాసేపు కడిగింది.

ఏప్రిల్ 18

అక్కకు మందు ఎందుకు ఆగిందో డాక్టరమ్మ చెబుతానన్నారు. నేనే చెబుతానని అడిగి, మూడుసార్లు బండి దాకా పోయి తిరిగి వచ్చాను. ఇవాళ సుగుణ నా వెంట వచ్చి బండి ఎక్కించింది.

అక్క కళ్లు మళ్లీ పచ్చబడుతున్నాయి. గుమ్మంలోంచే కనబడింది. తల గోడకు ఆనించి కూర్చుంది. ఉల్లిగడ్డల బుట్ట మంచం కింద ఉంది.

ఎట్లా మొదలుపెట్టాలో ఎన్నో విధాల అనుకున్నాను. నోరు తెరిస్తే ఒకటే వచ్చింది. "అక్కా, నా నెత్తురు మంచిగ లేదట."

ఆమె నన్ను దగ్గరికి లాగింది. నా చొక్కా పైకెత్తి, చిన్నపిల్లవాడి పొట్ట చూసినట్టు చూసింది. అరచేయి పొట్ట మీద పెట్టింది. ఆ చేయి వేడిగా ఉంది.

"ఎక్కడ నొస్తుంది?"

"నొప్పి లేదు. అక్కా, నీకు ఎక్కిచ్చిండ్రు కదా నా సంచులు. మొన్నటియి..."

"నాకు సమజైంది తియ్యి." చేయి తీయలేదు. "ముందు నీకేందో చూపిచ్చుకో. నాది నాకున్నది."

"నా నుంచి నీకు ఇంకేమన్న అయితే..."

"ఓదెలూ, నోరు మూసుకో కొంచెంసేపు."

మూసుకున్నాను. వంటశాల వైపు నుంచి డేగిసా మూత పడిన చప్పుడు వచ్చింది. అక్క అటు తల తిప్పలేదు.

ఏప్రిల్ 22

రెండు ఫలితాలు వచ్చాయి. రెండూ మంచివి కావు.

మొన్న తీసిన మజ్జలో చెడ్డ చీటీలు ఉన్నాయి. కొద్దిగానే, కాని ఉన్నాయి. మొదటిసారి తీసింది శుభ్రంగా ఉంది. అక్క కార్జం మీద మచ్చ ఒకటి కనబడింది.

"అది నాదా?" అని అడిగాను.

"ఇంత తొందరగ మచ్చ పుట్టదు. అంతకుముందే మొదలైంది. దాని నుంచి ముక్క తీసి చదివినం, అవి అక్క గడ్డ రాసుకున్న చీటీలే."

"నావి దానికి ఎరువు అయినయా?"

డాక్టర్ నుస్రత్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచారు. "కాలేదని ప్రమాణం చెయ్యలేను ఓదెలన్నా. అయిందని కూడా ఎవరూ చెప్పలేరు."

ఆమె అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని బండిలో వస్తూ అనుకున్నాను.

ఏప్రిల్ 26

గొంతులోంచి గొట్టం దింపి, లోపలి నుంచే క్లోమాన్ని చూసి, దాని నుంచి వచ్చే రసాన్ని తీశారు. నెత్తుటి బొట్టులో అన్ని అవయవాల సంచులూ కలిసి ఉంటాయి. ఈ రసంలో ఉండేవి అచ్చం క్లోమానివే. నాకు మత్తు ఇచ్చారు. మెలకువ వచ్చేసరికి సుగుణ నా కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె చేతులను బట్టే సంగతి తెలిసింది.

ఉంది. క్లోమం తోక దగ్గర, కందిగింజ కంటే చిన్నది. కోసి తీయవచ్చు.

"నువ్వు అక్క కోసం మజ్జ ఇయ్యకపోయినా ఈ నెల జల్లెడల దొరికేటోనివే. జల్లెడ లేకపోతే మాత్రం రెండేండ్లకు దొరుకుతుంటివి, అప్పుడు మేం చేసేదేం ఉండకపోవు" అన్నారు డాక్టరమ్మ.

ఇది మంచి మాట అని నాకు తెలుసు. సంతోషం రాలేదు. ఇంకా ఏదో చెప్పాలని ఆమె ఆగి ఉన్నారు.

కోసినంత మాత్రాన సరిపోదట. సంచులు ఎప్పటినుంచో కార్జంలోకి దిగుతున్నాయి. అక్కడ ఏదైనా వేళ్లూనక ముందే మందు సంచులు ఎక్కించాలి. నా గడ్డలో చెడిపోయింది కూడా అక్కలో చెడిపోయిన జన్యువేనట, అదే చోట. అక్క కోసం రాసిన చీటీ నాకూ పనికొస్తుంది. నా సొంత సంచులే కాబట్టి పడవేమోనన్న భయం లేదు.

"కాని శుభ్రమైన మజ్జ అంటే మొదట తీసిందే మిగిలింది. కణాలను ఎన్నిసార్లని పెంచుతం, అవి ముసలివైతయి. ఒక్కరికి సరిపోతది. ఇద్దరికి పంచితే ఎవరికీ పనికిరాదు. పైన బండ్లు నడిస్తే మీ ఒంటికి పడే సంచుల కోసం వేరే చోటికి కబురు పెడుదును. ఈ ఎండల నడవవు."

"ఎవరికియ్యాలె?"

"ఇచ్చినోళ్లదే హక్కు. అది రూలు. నువ్వు చెప్పినట్టు చేస్త."

ఏప్రిల్ 28

అక్కకే ఇమ్మని సంతకం పెట్టాను.

సుగుణకు ముందు చెప్పలేదు. చెప్పాక ఆమె నాతో మాట్లాడకుండా గోనె పరదాలు తీసుకుని గ్యాలరీలోకి పోయింది. అది ఆమె పని కాదు. ఉతికి, తడిపి, ఒక్కతే వేలాడదీసింది.

సంతకం పెట్టాక కొంతసేపు చాలా తేలిగ్గా అనిపించింది. అన్నం తిన్నాను. సాయంత్రానికి ఆ తేలిక పోయింది. పొట్ట మీద చేయి వేసుకుని పడుకున్నాను. కార్జం ఎక్కడ ఉంటుందో ఇప్పుడు నాకు బాగా తెలుసు.

మే 2

అక్క మందు ఎక్కించుకోనంది. చేయి చాపలేదట. డాక్టరమ్మ నన్ను పిలిపించారు.

నేను పోయేసరికి సూది, మందు సీసా, గొట్టం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అక్క చేతులు రెండూ దుప్పటి లోపల పెట్టుకుని ఉంది. కళ్లు పసుపు పూసినట్టున్నాయి. డాక్టరమ్మను బయటికి పొమ్మని కళ్లతో చెప్పింది. ఆమె పోయారు.

"ఇది ఎవరిదిరా?"

"నీకే."

"నేనడిగింది అది కాదు. నేను డాక్టరును అడిగిన. ఇది నాకెక్కితే ఏమైతది, వానికెక్కితే ఏమైతది అని. నాకైతే నాలుగు నెలలు ఎక్కువొస్తయట. నీకైతే అది ఉండదు ఇగ, పోతదట. గట్ల అనలేదా నీకు?"

"అన్నది."

"మరెందుకు సంతకం పెట్టినవ్?"

నేను దుప్పటి అంచు సర్దాను.

"నేను చెప్తా. నా కార్జం మీద మచ్చ నీతోనే వచ్చిందని నీకు మనసుల పడ్డది. ఇప్పుడది కడుక్కోవాలె. దానికి నా ఒళ్లు దొరికిందా నీకు?"

"అట్ల కాదక్కా."

"నా మొకం చూసి చెప్పు. నీకు బతకాలని లేదా?"

మెల్లగా అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు. నేను నేలకేసి చూశాను, గొట్టంకేసి చూశాను. ఇన్ని రోజులు దేనికి భయపడ్డానో అప్పుడు తెలిసింది. జబ్బుకు కాదు. ఈ ప్రశ్న ఎవరైనా నన్ను అడుగుతారేమోనని.

"ఉన్నది" అన్నాను.

"గట్టిగ చెప్పు."

"ఉన్నదక్కా. చాన ఉన్నది. నాకు చావాలని లేదు. నాకు భయమైతున్నది."

అక్క తల ఊపింది. కళ్లు మూసుకుంది. "పో. సంతకం మార్చి రా" అంది.

మార్చాను. కలం పట్టుకున్న నా చేయి ఒక్క క్షణం కూడా వెనకాడలేదు. అది కూడా రాయాలి.

మే 16

కోశారు. క్లోమం తోక, దానితోపాటు ప్లీహం తీసేశారు. ఇక నుంచి చక్కెర చూసుకుంటూ ఉండాలట, పొట్టకు సూది వేసుకోవాలట. దగ్గితే కుట్లు చీలిపోతాయేమో అనిపిస్తోంది. సుగుణ దిండు మడిచి ఇచ్చింది, దగ్గు వస్తే పొట్టకు అదుముకోవడానికి.

మొదటి మందు ఎక్కించారు. నా సంచులే, అక్క కోసం రాసిన చీటీ. మోచేతి దగ్గర చల్లగా మొదలై భుజం దాకా పాకింది. నోట్లో ఏ రుచీ లేదు. ఏదో ఒకటి ఉంటుందని ఎదురుచూశాను.

అక్కకు మామూలు మందులు ఇస్తున్నారు. వాంతులు అవుతున్నాయట. ఎట్లా ఉందో సుగుణ పోయి చూసి వస్తోంది.

జూన్ 9

నడవగలుగుతున్నాను. పోయిన వారమే రెండో బావికి పోయాను.

అక్క నన్ను చూసి గోడవైపు తిరిగింది. నిద్రలో ఉందేమోనని కూర్చున్నాను. నిద్రలో లేదు. ఆమె వేళ్లు దుప్పటి అంచును మడుస్తూ ఉన్నాయి. తెచ్చిన అంబలి అక్కడ పెట్టి వచ్చేశాను.

మళ్లీ రెండుసార్లు పోయాను. అదే తీరు. సుగుణతో మాట్లాడుతుంది, డాక్టరమ్మతో మాట్లాడుతుంది. నేను వస్తే మాట ఆపేస్తుంది.

"ఏమన్న అన్నవా ఆమెను?" అని సుగుణ అడిగింది.

"ఏం అనలేదు."

అదీ నిజమే. అన్నది ఒక్క మాటే, ఆమె అడిగితేనే అన్నాను.

జూలై 12

బొట్టు రోజు. చెడ్డ చీటీలు తగ్గాయి. పూర్తిగా పోలేదు, కాని తగ్గుతున్నాయి. కార్జంలో ఏమీ లేదు. డాక్టర్ నుస్రత్ ఈసారి బల్లకు అవతలే కూర్చుని చెప్పారు. నవ్వారు కూడా.

భయం పోతుందనుకున్నాను. చోటు మారింది, అంతే. ఇదివరకు పొట్టలో ఉండేది. ఇప్పుడు రెండో బావి దగ్గర బండి దిగే మెట్టు మీద ఉంటోంది.

ఆగస్టు 19

అక్క పోయి తొమ్మిది రోజులు. ఇన్నాళ్లు రాయబుద్ధి కాలేదు.

పోవడానికి ముందటి వారంలో ఒక సాయంత్రం కబురు పెట్టింది, నన్ను పైకి తీసుకుపొమ్మని. ఎండలు తగ్గి, పొద్దు వాలాక మనుషులను వదులుతున్నారు. నేను బరువు ఎత్తకూడదు. సుగుణ, వంటశాల పిల్లలు ఇద్దరు కలిసి ఆమెను చక్రాల కుర్చీలో లిఫ్ట్ దాకా తెచ్చారు. పైకి వచ్చాక అక్క వాళ్లను దూరంగా పొమ్మంది. కుర్చీ నేను నెట్టాను. చాలా తేలిగ్గా ఉంది.

పైన పాత రోడ్డు అంచున ఆగాం. నేల నుంచి ఇంకా వేడి లేస్తోంది. ఎక్కడో కుక్క మొరిగింది. పైన కుక్కలు బతికి ఉన్నాయని నాకు తెలియదు. అక్క చాలాసేపు రోడ్డుకేసి చూసింది. పెదాలు ఎండిపోయాయి. సీసా మూత తీసి ఇస్తే గుక్కెడు తాగింది. సీసా తిరిగి ఇచ్చేటప్పుడు, మూడు నెలల తరవాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"కోపమొచ్చింది నీ మీద."

"తెలుసక్కా."

"నీకేం తెల్వది. నేనే అడిగిన, నేనే పొమ్మన్న. అయినా ఒక పానం ఏమనుకున్నదంటే..." ఆయాసం వచ్చి ఆగింది. నేను ఆగాను. "నువ్వు పోవనుకున్నది. 'లేదక్కా, నీకే' అని ఇంకొక్కసారి అంటవని. నువ్వు పోయినంక తలుపు దిక్కే చూసిన. మల్లొస్తవని."

క్షమించమని అడిగితే అది కూడా ఆమె దగ్గర తీసుకోవడమే అవుతుంది. కుర్చీ పిడి పట్టుకుని నిలబడ్డాను.

"ఇప్పుడు అనకు గది" అంది అక్క. "ఇప్పుడంటే అబద్ధమైతది."

"అననక్కా."

పొద్దు పూర్తిగా దిగిపోయింది. దూరంగా సుగుణ మా వైపే చూస్తూ కూర్చుని ఉంది. అక్క దుప్పటి కిందినుంచి చేయి బయటికి తీసి నా వైపు చాపింది. సూదులు గుచ్చి గుచ్చి నల్లబడిన చేయి.

"భయమైతుందిరా" అంది. ఆమె నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. అమ్మ పోయినప్పుడు కూడా వినలేదు. "ఇట్ల పట్టుకో. గట్టిగ పట్టుకో, నొచ్చదు."

కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. కుట్ల దగ్గర లాగింది. ఆమె చేయి రెండు చేతులతో పట్టుకున్నాను.

"నాక్కూడ అక్కా" అన్నాను.

"ఊఁ" అంది.

లిఫ్ట్ దగ్గర నుంచి మమ్మల్ని ఇంకా ఎవరూ పిలవలేదు.